యాజమాన్యపు పత్రిక – కార్మికుని చరిత్ర

పెద్ద సంస్థలు తమ ఉద్యోగుల కోసం నడిపే పత్రికలను సాహిత్య విమర్శకులు పట్టించుకోరు. అవి అంగడిలో దొరకవు. గ్రంథాలయాల జాబితాల్లో చోటుచేసుకోవు. వాటిని చదివేవాడు ఆ సంస్థలో పనిచేసేవాడే. అతనైనా తన పేరో, తన మిత్రుని బదిలీ వార్తో వెతుక్కుని, తక్కిన పుటలు తిరగేసి అలమారలో పడేస్తాడు. అటువంటి పత్రికలను గురించి యీ త్రైమాసికంలో వ్యాసం రాయడమేమిటని పాఠకులకు సందేహం కలగవచ్చు. ఆ సందేహం నాకూ చాలాకాలం వుండేది. వుండడమే కాదు, దానివల్ల వొక నష్టం కూడా జరిగింది. ఆ నష్టంలో నా పాలు వున్నది కనుకనే యీ వ్యాసం రాస్తున్నాను.

కొన్నేళ్ళ క్రితం మా ప్రాంతంలోని వొక గ్రంథాలయంవారు పాత కట్టలు కొన్ని వేరుచేసి, యేవి వుంచాలో యేవి తీసివేయాలో చెప్పమని నలుగురిని పిలిచారు. ఆ నలుగురిలో నేనొకణ్ణి. కథల పత్రికలు వుంచమన్నాను. రాజకీయ వారపత్రికలు వుంచమన్నాను. రైల్వే ఉద్యోగుల పత్రికలు, గనుల కంపెనీ పత్రికలు కలిపి కట్టిన నాలుగైదు మూటలు కనిపిస్తే, "ఇవి యజమాని డప్పు; వీటితో మనకేమి పని?" అన్నాను. ఎవరూ కాదనలేదు. ఆ మూటలు తూకానికి పోయాయి.

గత వేసవిలో కారేపల్లిలో వొక వృద్ధుని యింటికి వెళ్ళాను. ఆయన రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి విరమించుకున్నవాడు. ఆయన తండ్రి అదే లైను మీద గ్యాంగ్‌మేట్‌గా పనిచేశాడు. మాటల మధ్య ఆయన లేచి, మంచం కింది ఇనుప పెట్టె లాగి, పాత గుడ్డలో చుట్టిన వొక సంచిక తీసి నా చేతిలో పెట్టాడు. ఇంగ్లీషు పత్రిక. అట్ట లేదు. ఆయనకు ఇంగ్లీషు రాదు. కాని యే పుటలో యెన్నో వరుసలో చూడాలో వేలితో చూపించాడు. విరమణ పొందినవారి జాబితా అది. అందులో ఆయన తండ్రి పేరు, హోదా, స్టేషను. ఒకే వరుస. పేరులో రెండక్షరాలు తప్పు.

"పేరు తప్పు పడ్డది సారూ. అయినా మా నాయినదే" అన్నాడాయన.

ఆ మాట విన్నప్పుడు నాకు తూకానికి పోయిన మూటలు గుర్తుకువచ్చాయి. వాటిలో యెందరి నాయనల పేర్లు వున్నాయో యిక యెవరూ చెప్పలేరు.

ఈ పత్రికల విలువ తెలియాలంటే ముందుగా యీ నేల సంగతి తెలియాలి. 1872లో భూగర్భశాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ గనుల హక్కులు సంపాదించింది. 1888లో డోర్నకల్ నుంచి సింగరేణి గనులకు నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేవారి లైను పడింది. మరుసటి యేడు, 1889లో, ప్రధాన మార్గం బెజవాడ చేరింది. ఆ యేడే ఇల్లందులో బొగ్గు తవ్వకం సాగింది. ఇక్కడ రైలూ బొగ్గూ కవలపిల్లలు. రైలు లేనిదే బొగ్గు కదలదు, బొగ్గు లేనిదే రైలు నడవదు. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడింది. 1927లో కారేపల్లి నుంచి కొత్తగూడెం దాకా మరొక లైను వచ్చింది. 1930లో రైల్వేను నిజాం ప్రభుత్వం కొనుక్కున్నది. 1950లో అది భారత ప్రభుత్వ రైల్వేల్లో కలిసింది. 1951లో మధ్య రైల్వేలోకి, 1966 అక్టోబరు 2న దక్షిణమధ్య రైల్వేలోకి మారింది. అంటే, వొకే గ్యాంగు గుడిసెలో పుట్టిన మనిషి, వూరు కదలకుండానే, కంపెనీ నౌకరుగా, నిజాం నౌకరుగా, కేంద్ర ప్రభుత్వ నౌకరుగా బ్రతికాడు. పలక మీది యజమాని పేరు మారింది. చేతిలోని సుత్తి మారలేదు.

కొత్తగూడెం స్టేషనుకు 'భద్రాచలం రోడ్' అని పేరు. భద్రాచలం అక్కడికి దాదాపు 40 కిలోమీటర్లు. రాములవారి గుడికి పోయేవారు అక్కడ దిగి అడవిదారి పట్టాలి. బొగ్గు కోసం వేసిన లైనుకు యాత్రికుని పేరు పెట్టారు. బొగ్గు తవ్వినవాని పేరు గాని, ఆ అడవిలో తరతరాలుగా వుంటున్న కోయవాని పేరు గాని యే పలక మీదా లేదు. ఈ వొక్క సంగతి గుర్తుంచుకుంటే, యాజమాన్యపు రాతను చదవడంలో సగం పాఠం నేర్చుకున్నట్టే. రాసినదానిలో అబద్ధం వుండనక్కరలేదు. భద్రాచలానికి దారి అదే, నిజమే. కాని యెవరి అవసరం పేరైంది, యెవరి శ్రమ పేరు లేకుండా పోయింది అన్నది వేరే ప్రశ్న.

ఉద్యోగుల పత్రిక అన్నది మన దేశంలో పుట్టిన రూపం కాదు. ఇంగ్లండులో గ్రేట్ వెస్టరన్ రైల్వే పత్రిక 1888లో మొదలైంది. దానిని మొదట నడిపింది కంపెనీ కాదు, ఆ రైల్వే ఉద్యోగుల మద్యపాన నిషేధ సంఘం. 1904లో కంపెనీ దానిని తన చేతిలోకి తీసుకున్నది. అమెరికాలో బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే 1912లో తన ఉద్యోగుల పత్రిక పెట్టింది. ఆ రోజుల్లో అమెరికా రైల్వేల్లో 'భద్రతే ముందు' అన్న నినాదం బయలుదేరింది. గ్రేట్ వెస్టరన్‌వారు 1913లో తమ పత్రిక ద్వారానే ఆ ప్రచారం సాగించారు. మన దేశంలోనూ పెద్ద రైల్వే కంపెనీలు యీ మార్గమే పట్టాయి. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత రైల్వే బోర్డు 1956లో 'ఇండియన్ రైల్వేస్' అనే ఇంగ్లీషు మాసపత్రికను, 1960లో 'భారతీయ రైల్' అనే హిందీ మాసపత్రికను ప్రారంభించింది. కారేపల్లి గ్యాంగ్‌మన్‌కు యీ రెండు భాషల్లో యేదీ యింటిభాష కాదు. అతని గురించి రాసింది అతనికి మరొకరు చదివి వినిపించాలి. గనుల వైపు 'సింగరేణి వార్తలు' తెలుగులో వచ్చింది కనుక అక్కడ పాఠకుడు కొంత దగ్గరయ్యాడు.

ఈ పత్రికలు యెందుకు పుట్టాయి? కార్మికుడు సంఘం కరపత్రం చదవడం నేర్చుకున్న కాలంలోనే యజమానికి కూడా పత్రిక కావలసివచ్చింది. వేలమంది పనిచేసేచోట యజమాని ముఖం యెవరికీ కనిపించదు. ముఖం లేనివాడు 'మనమంతా వొకే కుటుంబం' అని చెప్పాలంటే అచ్చుకాగితం కావాలి. కుటుంబం అన్న మాట యీ పత్రికలకు ప్రాణం. కుటుంబంలో జీతాల గొడవ వుండదు కదా! పెద్దవాడు మందలిస్తాడు, చిన్నవాడు వింటాడు. ఈ భావజాలాన్ని గుర్తించకుండా యీ పత్రికలను చదివితే మోసపోతాం. ఇంతవరకు నా పాత అభిప్రాయమే సరి.

కాని అక్కడే ఆగిపోవడం విమర్శ కాదు, విసుగు. డప్పు యెవరిదో చెప్పినంత మాత్రాన, ఆ డప్పు మోతలో వినిపించే తక్కిన చప్పుళ్ళన్నీ తేలిపోవు.

ఉదాహరణకు ప్రమాదాల గురించిన రాతలు చూడండి. అన్ని దేశాల్లోనూ యీ పత్రికల్లో వొక మూస వున్నది. ఒక బొమ్మ: కార్మికుడు పట్టాలు దాటుతున్నాడు. కింద వొక హెచ్చరిక: అజాగ్రత్త ప్రాణాంతకం. కర్త యెప్పుడూ కార్మికుడే, తప్పూ అతనిదే. ఇంగ్లండులో పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయం, యార్క్‌లోని జాతీయ రైల్వే మ్యూజియం, వార్విక్ విశ్వవిద్యాలయపు మోడరన్ రికార్డ్స్ సెంటర్ కలిసి వొక పని చేస్తున్నాయి. పాతకాలపు రైల్వే కార్మికుల ప్రమాద నివేదికలను స్వచ్ఛంద కార్యకర్తలచేత యెత్తిరాయించి అందరికీ అందిస్తున్నాయి. ఇటువంటి నివేదికలను పత్రికల పక్కన పెట్టి చదివితే, పత్రికలోని 'అజాగ్రత్త' అన్న వొక్క మాట వెనుక యెన్ని గంటల డ్యూటీ వున్నది, లాంతరు యెక్కడ లేదు, కాపలా మనిషి యెందుకు లేడు అని అడిగే వీలు కలుగుతుంది. అంటే, వొక్క పత్రికను దాచితే యజమాని మాట దాచినట్టవుతుంది. పత్రికను నివేదికతో, కరపత్రంతో, మనిషి నోటిమాటతో కలిపి దాచితేనే చరిత్రను దాచినట్టవుతుంది.

రెండవది, పేర్లు. మన చరిత్ర గ్రంథాల్లో రైల్వే అంటే మైళ్ళు, వంతెనలు, జనరల్ మేనేజర్లు. బొగ్గు అంటే టన్నులు. గ్యాంగ్‌మన్, కీమన్, ఫైర్‌మన్, బాక్స్‌బోయ్, కోల్‌ఫిల్లర్, ట్రామర్ – వీరి పేర్లు వరుసగా అచ్చైన చోటు యేదైనా వుంటే అది యీ పత్రికల్లోని బదిలీల, ప్రమోషన్ల, విరమణల జాబితాయే. ఆ జాబితాను సంపాదకుడు పుట నింపడానికి వేసివుండవచ్చు. కాని యాభైయేళ్ళ తరువాత సంపాదకీయాన్ని యెవరూ చదవరు. జాబితానే చదువుతారు. కారేపల్లి వృద్ధుడు ఆ సంచికను ముందు పుటలోని అధికారి సందేశం కోసం దాచుకోలేదు. యజమాని వుద్దేశాన్ని కాలం యిలా తలకిందులు చేస్తుంది. ఒక వర్గం తన అవసరం కోసం అచ్చువేసిన కాగితం మరొక వర్గానికి సాక్ష్యమవుతుంది.

మూడవది, భాష. తట్టా చెమ్మస్, మస్టరు, సర్దారు, టబ్బు, షిఫ్టు – ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు మాటలను తెలుగు నోరు అరగదీసి తనవిగా చేసుకున్న తీరు గనుల్లోనూ రైల్వేలోనూ పనిచేసిన జనం సృష్టి. మన నిఘంటుకారులు పండితుల పుస్తకాలు వెతికారు గాని, ఉద్యోగుల పత్రికల్లోని భద్రతా సూచనలు, ఆటలపోటీల వార్తలు, కార్మికులు రాసిన చిన్న పాటలు వెతకలేదు. ఆ పాటల్లో చాలావాటికి సాహిత్యపు విలువ తక్కువే కావచ్చు. పైఅధికారిని పొగిడే పద్యాలకు కొదవ వుండదు. కాని పగలంతా పార పట్టినవాడు రాత్రి కలం పట్టాడన్నది చిన్న విషయం కాదు. అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో పుట్టినప్పటినుంచి, శ్రామికుడే రచయిత కావాలని మనం అంటూనే వున్నాం. అతను యెక్కడ తొలి అక్షరం దిద్దాడో ఆ పలకను మాత్రం మనమే పారేశాం.

ఇక లోపాల మాట. ఈ పత్రికల్లో యెవరు లేరన్నది కూడా మనం రాసిపెట్టాలి. పర్మనెంటు ఉద్యోగి వున్నాడు, కాంట్రాక్టు కూలీ లేడు. స్టేషను మాస్టరు కూతురి పెళ్ళి వున్నది, మట్టి మోసిన స్త్రీ లేదు. అడవి నుంచి వచ్చిన గని గుంజలు, రైలు చెక్కలు లెక్కల్లోకి వస్తాయి. వాటిని నరికిన కోయవాడు, వాటితోపాటు పోయిన అతని అడవి లెక్కలోకి రావు. అధికారి భార్య బహుమతులు పంచిన ఫోటో వుంటుంది, బహుమతి పుచ్చుకున్నవాని పేరు వుండదు. ఇవి సాధారణంగా యీ జాతి పత్రికలన్నిటికీ వర్తించే మాటలు. ప్రతి సంచికకూ యిదే ముద్ర వేయనక్కరలేదు. మినహాయింపులు వుంటే వెతికి చూపడమే మన పని.

సమ్మె కాలపు సంచికలు పరీక్షకు మంచి రాయి. 1974 మే 8న మొదలై దాదాపు 20 రోజులు సాగిన అఖిల భారత రైల్వే సమ్మెను తీసుకోండి. లక్షలాది కార్మికులు పని మానారు. వేలమంది అరెస్టయ్యారు. ఆ మే, జూన్ నెలల ఉద్యోగుల పత్రికను వొక పక్కనా, అప్పటి సంఘాల కరపత్రాలను మరొక పక్కనా పెట్టి చదివే విద్యార్థి వొక్కడు దొరికితే, పదిమంది ఉపన్యాసాలకు సాటివచ్చే పాఠం దొరుకుతుంది. కాని ఆ పాఠానికి రెండు కాగితాలూ బ్రతికి వుండాలి.

అవి బ్రతకడం యెలా? ఇక్కడ భావాలు చాలవు, చేతిపని కావాలి. నాసిరకం కాగితంలో వున్న ఆమ్లం దానిని లోపలినుంచే తింటుంది. పచ్చబడి, పెళుసై, మడతదగ్గర విరుగుతుంది. మధ్యలో కొట్టిన ఇనుప పిన్ను తుప్పుపట్టి చుట్టూ కాగితాన్ని కొరుకుతుంది. మన అడవి పల్లెల్లో వానాకాలపు తేమ, చెదపురుగు, వెండిచేప తక్కిన పని పూర్తిచేస్తాయి. మొదట పిన్నులు తీయాలి. గట్టి పెట్టెల్లో పడుకోబెట్టి దాచాలి. పాత కట్టుబడి సంపుటాలను బలవంతంగా విప్పి నొక్కితే లోపలి అంచు అక్షరాలు పోతాయి, వెన్ను విరుగుతుంది. తరువాత అంగుళానికి 300 చుక్కలకు తగ్గకుండా బొమ్మ తీయాలి. ప్రకటనలతో, వెనుక అట్టతో, ఖాళీ పుటతో సహా తీయాలి. యే పుట అనవసరమో మనం తేల్చకూడదు. నేను తేల్చిన ఫలితం పైన చెప్పాను.

బొమ్మలు తీసి వూరుకుంటే, చీకటి అలమార నుంచి మరొక చీకటి అలమారకు మార్చినట్టే. పేర్ల సూచిక కావాలి. పాత తెలుగు అచ్చును యంత్రం తప్పులు లేకుండా చదివే రోజు యింకా రాలేదు. ఆపైన పేర్లే తప్పు పడ్డాయి. కనుక పాయింట్స్‌మన్ కొడుకు, ఫిట్టరు కూతురు కూర్చుని, 'ఈ పేరు యిది కాదు, అది' అని దిద్దవలసిందే. అచ్చైన పేరు అచ్చైనట్టే వుంచి, దిద్దిన పేరు పక్కన వేయాలి. ఈ దిద్దుబాటు కేవలం సౌకర్యం కాదు. తన తండ్రి పేరును తప్పుగా రాసిన సంస్థ పత్రికలో, కొడుకు సరియైన పేరు రాయడం చరిత్రరచనే.

చట్టం అడ్డువస్తుందని కొందరు భయపడతారు. మన కాపీరైటు చట్టం ప్రకారం ప్రభుత్వ ప్రచురణలకు, ప్రభుత్వరంగ సంస్థల ప్రచురణలకు హక్కు కాలం అచ్చైన తరువాతి సంవత్సరం మొదలుకొని 60 యేళ్ళు. సంతకంతో వచ్చిన బయటి రచయితల రచనల సంగతి వేరు. అక్కడ రచయిత మరణం నుంచి లెక్క. కనుక అరవై యేళ్ళు దాటిన సంచికలతో ఆరంభించవచ్చు, తక్కినవాటికి అనుమతి అడగవచ్చు. అడగవలసినవారు రైల్వేలు, గనులు. ఇవి ప్రజల సంస్థలు. ప్రజల డబ్బుతో అచ్చైన పత్రికను ప్రజలు అడిగితే అది దయ కోరడం కాదు. ఇంకా బ్రతికివున్నవారి చిరునామాలు, కుటుంబ వివరాలు మాత్రం బయట పెట్టకుండా జాగ్రత్తపడాలి.

ఇది అసాధ్యమేమీ కాదు. ప్రెస్ అకాడమీ పాత తెలుగు పత్రికలను బొమ్మలు తీసి అందరికీ అందించింది. హైదరాబాదులో అబ్దుస్ సమద్ ఖాన్ అనే సేకర్త జీవితకాలం పోగుచేసిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు సుందరయ్య విజ్ఞానకేంద్రానికి చేరి పరిశోధకులకు వుపయోగపడుతున్నాయి. 2000 ఆగస్టు వరదల్లో ఆ కేంద్రంలోకే నీళ్ళు వచ్చి ఆ సేకరణ తడిసింది. సేకరణ యెంత గొప్పదైనా వొక్కచోటే వుండరాదన్నది ఆ వరద చెప్పిన మాట. కొత్తగూడెంలో వొకటి, ఖమ్మంలో వొకటి, హైదరాబాదులో వొకటి – ప్రతి సంపుటానికి మూడు చోట్ల నకళ్ళు వుండాలి.

చివరగా వొక హెచ్చరిక. ఇటీవల పాతవాటి మీద మోజు పెరిగింది. కార్యాలయం ముందు పాత ఆవిరి ఇంజను నిలబెట్టి రంగు వేస్తారు, దండ వేస్తారు. దానికి బొగ్గు వేసినవాని వూపిరితిత్తుల సంగతి పలక మీద వుండదు. ఉద్యోగుల పత్రికలు కూడా యీ అలంకారంలో చేరితే, 'మన బంగారు గతం' అన్న అట్టలోకి ముచ్చటైన నాలుగు ఫోటోలు యెక్కి, జాబితాలు మళ్ళీ తూకానికి పోతాయి. పారేయడం వొక అపచారమైతే, పూజించడం మరొక అపచారం. చదవడం వొక్కటే యీ కాగితాల పట్ల న్యాయం.

కనుక యీ పత్రిక పాఠకులకు నా మనవి. డోర్నకల్, కారేపల్లి, ఇల్లందు, కొత్తగూడెం, మణుగూరు – యీ లైను మీద మీ బంధువులుంటే, యింట్లో మంచం కిందా అటక మీదా వొకసారి చూడండి. అట్ట లేకపోయినా పరవాలేదు. సగం చినిగినా పరవాలేదు. తూకం మనిషి వచ్చేలోపు చూడండి.

కారేపల్లి నుంచి వచ్చేముందు ఆ వొక్క సంచికను బొమ్మ తీసుకుంటానని ఆ వృద్ధుణ్ణి అడిగాను. ఇచ్చాడు. తీసుకున్న తరువాత ఆయన అడిగింది వొక్కటే: "దాంట్లో మా నాయిన పేరు సరిజేస్తరా సారూ?" అచ్చులో దిద్దే అధికారం నాకు లేదు. సూచికలో మొదటి పేరు మాత్రం ఆయన చెప్పినట్టే రాసుకున్నాను.